ఆదా అయిన గంటలు ఏ ఖాతాలో పడతాయి?

మా ఆఫీసులో డ్యాష్‌బోర్డులకి కొదవ లేదు. యుటిలైజేషన్‌కి (పని గంటల్లో క్లయింట్‌కి బిల్ అయ్యే శాతం) ఒకటి, అట్రిషన్‌కి (ఉద్యోగం మానేసి వెళ్లేవాళ్ల శాతం) ఒకటి, టికెట్లు ఎంతసేపట్లో క్లోజ్ అవుతున్నాయో చూడటానికి ఒకటి, స్ప్రింట్ వెలాసిటీకి (ఒక్కో విడతలో టీమ్ ఎంత పని ముగించిందన్నది) ఇంకొకటి, ఇవన్నీ కలిపి చూపించే పెద్దది మరొకటి. కొదవల్లా వాటిని చూశాక ఏదైనా చేసేవాళ్లకే. సోమవారం రివ్యూలో పచ్చగా ఉంటే "గుడ్" అంటారు, ఎర్రగా ఉంటే "దీని మీద కాస్త ఫోకస్ పెట్టండి" అంటారు, పై వారం మళ్లీ అదే ఎరుపు, మళ్లీ అదే ఫోకస్. నేను హైదరాబాద్‌లో ఒక మోస్తరు ఐటీ సర్వీసెస్ కంపెనీలో డెలివరీ అనలిటిక్స్ చూస్తాను, అంటే ఈ ఎరుపులూ పచ్చలూ తయారుచేసేది నేనే కాబట్టి తిట్టే హక్కు కూడా నాకే ఉంది.

కొన్నేళ్లుగా ఇదే పనిలో ఉన్నాక నాకు బలపడిన అభిప్రాయం ఏంటంటే, టీమ్ గురించిన ఏ అంకె అయినా రూపాయల్లోకి మారాలి, మారాక ఆ రూపాయి కంపెనీ లెక్కల్లో ఏ లైన్‌లో కదులుతుందో తేలాలి. అప్పటిదాకా దాని మీద ఎవరూ నిర్ణయం తీసుకోరు, తీసుకోకూడదు కూడా. దీనికి సీఏ చదవక్కర్లేదు, నాది ఈసీఈలో బీటెక్. గంటకి మనకి పడే ఖర్చు, మార్జిన్, పేబ్యాక్ (పెట్టింది వెనక్కి రావడానికి పట్టే కాలం), బిల్లు వేశాక డబ్బు చేతికి రావడానికి పట్టే రోజులు. మా స్థాయి నిర్ణయాల్లో తొంభై శాతం ఈ నాలుగింటితో తెగిపోతాయి.

ఆలోచన కొత్తదేం కాదు. 1910ల్లో అమెరికాలో డ్యూపాంట్ కంపెనీలో డొనాల్డ్‌సన్ బ్రౌన్ అనే ఆయన పెట్టుబడి మీద వచ్చే రాబడిని రెండుగా విడగొట్టాడు, ఒకటి అమ్మకాల మీద మార్జిన్, రెండోది పెట్టుబడి ఎన్నిసార్లు తిరిగిందన్నది. వాటిని మళ్లీ కింద కొమ్మలు కొమ్మలుగా విడగొట్టుకుంటూ పోతే ఫ్యాక్టరీలో రోజువారీ అంకె దాకా దిగొచ్చు. తర్వాత జనరల్ మోటార్స్‌కి వెళ్లి అక్కడా అదే పద్ధతి పెట్టాడు. మా దగ్గర ఫ్యాక్టరీ బదులు టైమ్‌షీట్ (ఎవరు ఏ పనికి ఎన్ని గంటలు పెట్టారో రాసే పట్టిక) ఉంది, అంతే తేడా.

ముందు గంట ఖర్చు సంగతి చూద్దాం. ఇది తెలియకుండా మిగతావేవీ కదలవు, కానీ మేనేజర్లని అడిగితే చాలామంది చెప్పలేరు, ఎందుకంటే జీతాల షీట్ హెచ్ఆర్ దగ్గర, అద్దె ఫైనాన్స్ దగ్గర, లైసెన్సుల బిల్లు ఐటీ దగ్గర ఉంటాయి, మూడూ ఒక్క చోటికి ఎప్పుడూ రావు. లెక్క కోసం కొన్ని అంకెలు అనుకుందాం (మా కంపెనీవి కావు, తేలిగ్గా ఉంటాయని నేను పెట్టుకున్నవి, ఈ పోస్టు చివరిదాకా ఇవే వాడతాను). సీటీసీ, అంటే ఏడాదికి కంపెనీ ఇచ్చే మొత్తం జీతం, 12 లక్షలున్న ఒక డెవలపర్. సీటు, ల్యాప్‌టాప్, క్యాబ్, ఇన్సూరెన్స్, లైసెన్సులు, మేనేజర్ జీతంలో ఈ మనిషి వాటా, అన్నీ కలిపి ఇంకో 30 శాతం వేసుకుంటే ఏడాదికి 15.6 లక్షలు. 365 రోజుల్లో శని, ఆదివారాలు 104 పోతే 261, పండగ సెలవులు 10, సొంత సెలవులు 21 తీసేస్తే 230 పనిరోజులు, రోజుకి 8 గంటల చొప్పున 1,840 గంటలు. భాగిస్తే గంటకి దాదాపు 850 రూపాయలు.

చాలామంది ఇక్కడే ఆగిపోతారు. ఆ 1,840 గంటలూ క్లయింట్‌కి బిల్ అవ్వవు కదా, ట్రైనింగులుంటాయి, ఇంటర్నల్ మీటింగులుంటాయి, రెండు ప్రాజెక్టుల మధ్య బెంచ్ మీద గడిచిన రోజులుంటాయి. యుటిలైజేషన్ 80 శాతం అనుకుంటే బిల్ అయ్యేవి 1,472 గంటలే, ఖర్చు మాత్రం మొత్తం 15.6 లక్షలూ వాటి నెత్తి మీదే పడుతుంది, అంటే బిల్ అయ్యే ప్రతి గంటకీ అసలు ఖర్చు 1,060. క్లయింట్ గంటకి 1,600 ఇస్తుంటే మిగిలేది 540, అంటే దాదాపు 34 శాతం మార్జిన్. యుటిలైజేషన్ 70కి జారితే గంట ఖర్చు 1,211కి ఎక్కి మార్జిన్ 24కి దిగుతుంది. 53 దగ్గర సున్నా. నాకు ఈ 53 అంటే ప్రత్యేకమైన అభిమానం. "మీ టీమ్ 72, టార్గెట్ 80" అంటే ఎవరికీ చీమ కుట్టినట్టు కూడా ఉండదు, "53 కంటే కిందికి వెళ్తే మీ టీమ్ జీతాలు పక్క టీమ్ కడుతున్నట్టే" అని చెప్పి చూడండి, కుర్చీలో సర్దుకుని కూర్చుంటారు.

ఇందులో ఒక మెలిక ఉంది. ఇన్ఫోసిస్ మూడు నెలలకోసారి ఇచ్చే ఫ్యాక్ట్ షీట్‌లో యుటిలైజేషన్‌ని ట్రైనీలతో కలిపి ఒకటి, ట్రైనీలని తీసేసి ఒకటి, రెండు వేస్తారు. కాలేజీల నుంచి ఫ్రెషర్లని ఎక్కువగా తీసుకున్న క్వార్టర్‌లో ఆ రెండింటి మధ్య ఎడం పెరుగుతుంది, అది చూసేవాళ్లకి ఇది నష్టం కాదు, ముందుకి పెట్టిన పెట్టుబడి అని అర్థమవుతుంది. టీమ్ స్థాయిలో కూడా ఇలా విడదీసి చూపించకపోతే, ముగ్గురు ఫ్రెషర్లని కూర్చోబెట్టి పని నేర్పిస్తున్న మేనేజర్ ఎర్రగా కనిపిస్తాడు, పక్క టీముల నుంచి తయారైన మనుషుల్ని లాక్కునేవాడు పచ్చగా కనిపిస్తాడు. అలాంటి పచ్చదనం నేను చాలా చూశాను.

ఇప్పుడు అసలు సంగతి, ఆదా అయిన గంటలు. ఒక సపోర్ట్ ప్రాజెక్టు, 12 మంది. ప్రతి రిలీజ్‌కి ముందు పాతవేవీ చెడిపోలేదని చూసుకునే రిగ్రెషన్ టెస్టింగ్, రోజూ పొద్దున్నే క్లయింట్‌కి పంపే రిపోర్టులు, వీటిని ఆటోమేట్ చేస్తే నెలకి 200 గంటలు మిగులుతాయని టైమ్‌షీట్ డేటాలోంచి తేలింది. టీమ్ లీడ్ కుర్రాడు, చురుకైనవాడు, స్లైడ్ వేశాడు. 200 గంటలు, గంటకి 850, నెలకి 1.7 లక్షల ఆదా, ఆటోమేషన్ ఖర్చు 9 లక్షలు, అయిదు నెలల పైచిలుకులో పెట్టింది వెనక్కి వచ్చేస్తుంది. మా ఫైనాన్స్ కంట్రోలర్ గారు, గుంటూరు ఆయన, అంతా ఓపిగ్గా విన్నారు.

"బాగుంది బాబూ. ఈ లక్షా డెబ్బై వేలు వచ్చే నెల నాకు ఏ ఖాతాలో కనిపిస్తాయి? జీతాలు తగ్గుతాయా, ఇన్‌వాయిస్ పెరుగుతుందా?"

కుర్రాడు నా వైపు చూశాడు, నేను స్లైడ్ వైపు చూశాను.

ఆయన అడిగినదాంట్లో వెటకారం ఏమీ లేదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగారు. 200 గంటల్ని 12 మందికి పంచితే మనిషికి నెలకి 17 గంటలు, రోజుకి యాభై నిమిషాలు. రోజుకి యాభై నిమిషాలు మిగిలినంత మాత్రాన ఎవరి జీతమూ తగ్గదు, ఎవరినీ వేరే ప్రాజెక్టుకి పంపలేం. పన్నెండు జేబుల్లో తలా కాస్త చిల్లర ఉంటే దాంతో అద్దె కట్టలేం కదా. ఆ యాభై నిమిషాలు టీ దగ్గరో, ఇంకో మీటింగ్‌లోనో కలిసిపోతాయి (నాకు దాని మీద అభ్యంతరం కూడా లేదు, రాత్రి షిఫ్టులు చేసే సపోర్ట్ వాళ్లకి ఆ మాత్రం ఊపిరి కావాలి), కానీ దాన్ని ఆదా అని రాసి 9 లక్షలు అడగడం కుదరదు.

ఆపైన కాంట్రాక్ట్ ఏ రకం అన్నది చూడాలి. క్లయింట్ గంటల లెక్కన కడుతుంటే, మావాళ్ల భాషలో టీ అండ్ ఎమ్ అయితే, 200 గంటలు తగ్గించామంటే మన బిల్లుని మనమే నెలకి 3.2 లక్షలు కోసుకున్నట్టు. జీతాలు అలాగే ఉంటాయి, ఆదాయం పోతుంది, పైగా ఆ పోగొట్టుకునే పనికి 9 లక్షలు ఎదురు ఖర్చు. ఫిక్స్‌డ్ బిడ్ అయితే మొత్తం తిరగబడుతుంది, క్లయింట్ ఇచ్చేది ఇస్తూనే ఉంటాడు, గంటలు తగ్గితే మిగులు మనది. అదే 200, ఒక కాంట్రాక్ట్‌లో లాభం, ఇంకో కాంట్రాక్ట్‌లో నష్టం, డ్యాష్‌బోర్డ్‌లో మాత్రం రెండు చోట్లా పచ్చ బాణమే పైకి చూపిస్తుంది. టీ అండ్ ఎమ్‌లో ఆటోమేషన్ వద్దని కాదు నేను అనేది. క్లయింట్ దగ్గర ఎప్పటి నుంచో పేరుకుపోయిన పనులు ఉంటాయి, ముందే మాట్లాడి మిగిలిన గంటల్ని వాటికి మళ్లిస్తే బిల్లు నిలబడుతుంది, రెన్యువల్ అప్పుడు మంచి పేరూ ఉంటుంది. కానీ ఆ మాట ముందు జరగాలి, ఆటోమేషన్ తర్వాత.

మాది అదృష్టవశాత్తూ ఫిక్స్‌డ్ బిడ్. కాబట్టి మళ్లీ కూర్చున్నాం. ఒక మనిషి నెలకి 153 గంటలు, 200 గంటలంటే 1.3 మంది, ఆ 0.3 మనిషిని ఎక్కడికీ పంపలేం కాబట్టి ఒక్కరినే లెక్కేసుకోవాలి. ఆ ఒక్కరు పూర్తిగా ఖాళీ అవ్వాలంటే ఆటోమేట్ అయ్యే పనులన్నీ ముందు అందరి దగ్గర నుంచీ తీసి ఒకరిద్దరి చేతిలో పెట్టాలి, మిగతా పని మిగతావాళ్లకి సర్దాలి. ఇది స్క్రిప్టులు రాయడం కంటే కష్టం, ఎందుకంటే ఎవరి పని వాళ్లకి అలవాటైపోయి ఉంటుంది. పక్క ప్రాజెక్టులో అదే స్కిల్‌కి రెండు ఓపెనింగులు ఉన్నాయి, బయటి నుంచి తీసుకోబోతున్నారు. మన మనిషి అక్కడికి వెళ్తే ఒక నియామకం తప్పుతుంది, నెలకి 1.3 లక్షలు. 9 లక్షలని దాంతో భాగిస్తే ఏడు నెలలు. స్లైడ్‌లో ఉన్న అయిదు కంటే ఎక్కువే, కానీ ఈ ఏడు నెలల లెక్కకి ఖాతాలో ఆధారం ఉంది. కాంట్రాక్ట్ ఇంకా ఏడాదిన్నర ఉంది కాబట్టి సరిపోయింది, ఎనిమిది నెలలే ఉండి ఉంటే నేనే వద్దనేదాన్ని. ఆఖరికి కాగితం మీద మిగిలినవి మూడే ముక్కలు, ఫలానా ఓపెనింగ్ రద్దు, ఫలానా నెల ఒకటో తారీఖుకి ఒకరి బదిలీ, దానికి ఒప్పుకుంటూ పక్క ప్రాజెక్ట్ మేనేజర్ మెయిల్. కంట్రోలర్ గారు "ఇప్పుడు కనిపిస్తోంది" అని సంతకం పెట్టారు.

ఎన్‌పీవీ, ఐఆర్ఆర్ (ముందుముందు వచ్చే డబ్బుని ఇవాల్టి విలువలోకి తెచ్చి చూసే లెక్కలు) ఎందుకు వెయ్యలేదని ఎంబీఏ చేసిన ఫ్రెండ్ ఒకతను అడిగాడు. ఏడు నెలల్లో తేలే విషయానికి డిస్కౌంట్ రేటు ఎంత పెట్టాలన్న చర్చ మొదలుపెడితే ఆ చర్చకే ఏడు నెలలు పడుతుంది.

అట్రిషన్ ఇంతకంటే చిక్కు. 2022లో పేపర్ల నిండా ఇదే గోల, ఆ ఏడాది ఏప్రిల్-జూన్ క్వార్టర్‌కి ఇన్ఫోసిస్ 28.4 శాతం ప్రకటించింది, తర్వాతి క్వార్టర్‌లో టీసీఎస్ 21.5. 2024 మార్చి వచ్చేసరికి రెండూ పన్నెండున్నర దగ్గరికి దిగిపోయాయి. ఇలాంటి సగటు షేర్లు కొనేవాళ్లకి పనికొస్తుంది. టీమ్‌లో కూర్చుని నిర్ణయం తీసుకునేవాళ్లకి పనికిరాదు, ఎవరు వెళ్లారన్నది అందులో ఉండదు కాబట్టి.

పైన అనుకున్న 12 లక్షల మనిషే రాజీనామా చేశాడనుకోండి. నోటీస్ మూడు నెలలున్నా, వచ్చే మనిషికీ అక్కడ నోటీస్ మూడు నెలలే, ఆఫర్ పుచ్చుకుని జాయినింగ్ రోజు ఫోన్ ఎత్తనివాళ్లు సరేసరి, కనీసం ఒక నెల సీటు ఖాళీగా ఉంటుంది. ఆ నెల బిల్లు 1.96 లక్షలు పోతుంది, జీతం లక్ష మిగులుతుంది, నికరంగా 96 వేల నష్టం. కొత్తమనిషి వచ్చాక రెండు నెలలు షాడో, అంటే పక్కన కూర్చుని పని నేర్చుకోవడం, క్లయింట్ ఆ గంటలకి బిల్ చెయ్యనివ్వడు, అక్కడ 3.9 లక్షలు. మార్కెట్ నుంచి వచ్చేవాళ్లు 15 అడుగుతారు, కన్సల్టెన్సీకి సీటీసీలో 8.33 శాతం, అంటే ఒక నెల జీతం 1.25 లక్షలు, పాత జీతానికీ కొత్త జీతానికీ తేడా ఇంకో 3 లక్షలు. మొత్తం కలిపితే మొదటి ఏడాదికి 9 లక్షలు దాటింది. వెళ్లిపోయిన మనిషి అడిగిన హైక్ 2 లక్షలు.

హెచ్ఆర్ ప్రెజెంటేషన్లు సరిగ్గా ఇక్కడ ఆగి "చూశారా" అంటాయి. నేను ఒప్పుకోను. ఒకరికి ఇచ్చిన హైక్ ఒకరి దగ్గర ఆగదు, లంచ్ అయ్యేలోపు ఫ్లోర్ మొత్తానికి తెలుస్తుంది. అదే బ్యాండ్‌లో ఆరుగురుంటే 12 లక్షలు, అదీ ఒక్కసారి కాదు, ఏటా. ఇవ్వకపోతే ఇద్దరు వెళ్తారు, 18 లక్షల నష్టం అనుకుందాం. ఇచ్చినా ఒకరు వెళ్తే, వెళ్తారు కూడా, పెళ్లి కుదిరిందనో, అమెరికాలో ఎమ్మెస్ సీటు వచ్చిందనో, ఊళ్లో నాన్నకి ఒంట్లో బాలేదనో, అప్పుడు మిగిలేది 9, ఇచ్చింది 12. గిట్టదు. ఇద్దరూ ఆగితేనే గిట్టుతుంది, అలా ఆగుతారని ఎవరు రాసిస్తారు?

అందుకే నేను శాతాలు వదిలేసి సీట్లవారీగా చూస్తాను. కొత్తమనిషి పని అందుకోవడానికి ఎన్ని నెలలు, ఆ సీటు నెల బిల్లు ఎంత, ఈ రెండు కాలమ్‌లు చాలు. ఒక బ్యాంక్ క్లయింట్‌కి కోబాల్ అనే పాతకాలపు ప్రోగ్రామింగ్ భాషలో రాసిన మాడ్యూల్ తెలిసినావిడ ఒక్కరే ఉన్నారు, ఆవిడ స్థానంలో ఇంకొకరు కుదురుకోవాలంటే అయిదు నెలలు. అక్కడ ఆ 9 లక్షలు 15 అవుతుంది. ఆవిడ రేటింగ్ ఎంతన్నది నాకు అనవసరం, అడక్కముందే జీతం సర్దాలి, ఇంకా ముఖ్యంగా ఏడాదికి 6 లక్షలు పడే ఒక ఫ్రెషర్‌ని అయిదు నెలలు ఆవిడ పక్కన కూర్చోబెట్టాలి, దానికయ్యేది 2.5 లక్షలు. 15 లక్షల ప్రమాదానికి 2.5 లక్షల బందోబస్తు అంటే మా డెలివరీ హెడ్ రెండో ప్రశ్న వెయ్యలేదు. మూడు వారాల్లో ఎవరైనా అందుకోగలిగే సీటులోంచి ఎవరైనా వెళ్తానంటే కేక్ కట్ చేసి పంపించడమే.

ఇక టైమ్‌షీట్లు. శుక్రవారం సాయంత్రం వచ్చే రిమైండర్ మెయిల్‌ని ఎవరూ తెరవరు, నేనూ తెరవను. కంప్లయన్స్ 91 శాతం అని రిపోర్టులో వేస్తే అందరూ బాగానే ఉందనుకుంటారు. ఆ మిగిలిన 9 ఏం చేస్తాయంటే, టీమ్ మొత్తానికి పీఓ (క్లయింట్ ఇచ్చే పర్చేజ్ ఆర్డర్) ఒకటే, ఇన్‌వాయిస్ ఒకటే, ముగ్గురి గంటలు అప్రూవ్ కాకపోతే మొత్తం బిల్లు ఆగుతుంది. క్లయింట్ వైపు పేమెంట్లు నెలకి రెండుసార్లే చేస్తారు, ఒక విడత తప్పితే పదిహేను రోజులు వెనక్కి. నెల బిల్లు 1.2 కోట్లు, సీసీ లిమిట్ (బ్యాంకు ఇచ్చే క్యాష్ క్రెడిట్ అప్పు) మీద వడ్డీ 11 శాతం అయితే పదిహేను రోజులకి 54 వేలు. ప్రాణం మీదికి వచ్చే మొత్తం కాదు, కానీ ఆపడానికి పైసా ఖర్చు లేని నష్టం. ఇప్పుడు శాతం పంపడం మానేశాం, "ఈ ముగ్గురి వల్ల ఈ ఇన్‌వాయిస్ ఆగింది, రోజుకి 3,600" అని ఆ మేనేజర్ ఒక్కరికే వెళ్తుంది. బాగా పనిచేస్తోంది.

దేశీయ క్లయింట్లయితే ఇంకో సరదా ఉంది. మన జీఎస్టీ క్లయింట్ డబ్బు ఇచ్చాక కాదు, ఇన్‌వాయిస్ వేసిన నెలని బట్టి, తర్వాతి నెల 20లోపు కట్టేయాలి. 1.2 కోట్ల మీద 18 శాతం అంటే 21.6 లక్షలు, క్రెడిట్ ఉన్నది పోగా మిగతాది మన జేబులోంచి. జూన్ 30న బిల్లు వేస్తే జులై 20కి కట్టాలి, నిబంధనల గడువు దాటకుండా అదే బిల్లు జులై 1న వేస్తే ఆగస్టు 20. క్లయింట్ ఇచ్చే అరవై రోజుల గడువు ఒక్క రోజే జరుగుతుంది, మన పన్ను నెల రోజులు జరుగుతుంది. నెలాఖరుకి బిల్లింగ్ టార్గెట్ పచ్చగా చూపించాలని 30నే తోసేయించే మేనేజర్లకి ఇది చెప్పడానికి చాలా ఓపిక కావాలి. ఎక్స్‌పోర్ట్ బిల్లులు ఎల్‌యూటీ (పన్ను కట్టకుండా ఎక్స్‌పోర్ట్ చేయడానికి ఇచ్చే హామీ పత్రం) కింద పోతాయి కాబట్టి వాటికి ఈ గొడవ లేదు.

ప్రస్తుతం నా బల్ల మీద ఉన్నది ఏఐ టూల్స్ వ్యవహారం. కోడ్ రాసేటప్పుడు పక్కనుండి సాయం చేసే టూల్ లైసెన్సులు తీసుకున్నాం, డెవలపర్లు పని ముందుకంటే త్వరగా అవుతోందంటున్నారు, డేటా కూడా కొంతవరకు అదే చెప్తోంది. ఈ సంతోషం క్లయింట్ చెవిన కూడా పడింది. రెన్యువల్ దగ్గరికి వచ్చేసరికి "మీకు పని తేలికైంది కదా, రేటు 10 శాతం తగ్గించండి" అంటున్నారు. మన పాత లెక్కే తీస్తే, 1,600 కాస్తా 1,440 అవుతుంది, గంట ఖర్చు 1,060 దగ్గరే ఉంటే మార్జిన్ 34 నుంచి 26కి పడిపోతుంది. 34 నిలబెట్టుకోవాలంటే యుటిలైజేషన్ 80 నుంచి 89కి ఎక్కాలి. 89 అంటే ట్రైనింగ్ లేదు, బెంచ్ లేదు, ఎవరికైనా జ్వరం వస్తే వాళ్ల స్థానంలో కూర్చునే మనిషి లేడు. లైసెన్సుల ఖర్చు ఇంకా ఇందులో కలపనే లేదు.

నా ఉద్దేశంలో గంటల లెక్కన ఉండగా రేటు తగ్గించకూడదు. ఆ మాడ్యూళ్లలో పని ఎంత ఉంటుందో మూడేళ్ల టికెట్ డేటా మా దగ్గర ఉంది కాబట్టి సపోర్ట్ భాగాన్ని ఫిక్స్‌డ్ ధరకి మార్చి, ఇప్పుడు వాళ్లకి అవుతున్నదానికంటే 8 శాతం తక్కువకి ఇవ్వొచ్చు, టూల్ వల్ల మిగిలే గంటలు అప్పుడు మన వైపు ఉంటాయి. టికెట్లు ఒక హద్దు దాటితే అదనంగా కట్టాలన్న షరతు మాత్రం వదలకూడదు. రేటు తగ్గిస్తే ఏమవుతుందో, ఫిక్స్‌డ్‌కి మారితే ఏమవుతుందో, రెండు లెక్కల షీట్లూ పంపించాను. ప్రొక్యూర్‌మెంట్ వాళ్లు రేట్ కార్డ్ తప్ప ఇంకేదీ మాట్లాడరు, అందుకని ముందు క్లయింట్ ఐటీ హెడ్‌తో కూర్చోమని మా డెలివరీ హెడ్‌కి చెప్పాను, గురువారం మీటింగ్ పెట్టుకున్నారు.